కర్రపని బెంచీకి కాలు వైస్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా

తలుపు రెక్క అంచుకు చిత్రిక పట్టాలంటే ముందు ఆ రెక్క కదలకుండా నిలబడాలి. మన వడ్రంగులు నేలమీద కూర్చుని, అరికాళ్లతో చెక్కను అదిమిపట్టి పని చేస్తారు. కడప చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ అలా చేసే పెద్దవాళ్లున్నారు. ఆ పట్టు చిన్నప్పటి నుంచి కూర్చుని చేస్తేనే వస్తుంది. నడివయసులో కర్రపని మొదలుపెట్టినవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నిలబడి చేయడమే మార్గం. నిలబడితే కాళ్ల పట్టు ఉండదు కాబట్టి ఆ పని బెంచీయే చేయాలి.

చెక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే సాధనమే వైస్. అంగళ్లలో తేలిగ్గా దొరికే బెంచ్ వైస్ ఇనుము పనివాళ్ల కోసం చేసినది. దాని పళ్లు చెక్కమీద అచ్చు పడతాయి, నోరు కూడా చిన్నది. కర్రపనికని చేసిన పెద్ద ఇనుప వైస్ బాగుంటుంది గానీ ఖరీదు ఎక్కువ. ఈ రెండూ కాకుండా మనమే చేసుకోగలిగినది కాలు వైస్. బెంచీ ముందుకాలు ఒక దవడ. దాని ముందు నిలువుగా నిలబెట్టిన మందపాటి చెక్క రెండో దవడ. రెండింటినీ కలుపుతూ ఒకే ఒక్క మర. 18వ శతాబ్దపు ఫ్రెంచి బెంచీల బొమ్మల్లో కూడా ఇదే కనిపిస్తుంది.

నేను మొదట చేసిన వైస్‌కు లావైన మర పెట్టాను, కింద ఏమీ పెట్టలేదు. మర బిగించేకొద్దీ దవడ కింది కొస బెంచీ కాలివైపు లోపలికి పోయేది, పైకొస నోరు తెరిచేది. చెక్క జారిపోతుంటే ఇంకా గట్టిగా బిగించేవాణ్ణి, అది ఇంకా జారేది. పది రోజులు అలా పోయాక మాకు పని నేర్పిన పెద్ద వడ్లాయన వచ్చి చూసి, దవడ కింది కొస దగ్గర ఒక ఇటుక ముక్క అడ్డం పెట్టి బిగించమన్నాడు. అంతే, పైన చెక్క రాయిలా నిలబడింది. వైస్ బలమంతా మరలోనే ఉంటుందనుకుంటాం. దవడ కింది కొసకు బిగించి, నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో బెంచీ కాల్లోంచి వెనక్కి దూరే పట్టీ, దానికి గుచ్చే చిన్న చీల లేకపోతే ఆ మర ఎంత లావుదైనా ఉపయోగం లేదు. కింద చెప్పబోయే పనిలో ఎక్కడైనా తొందరపడండి గానీ ఆ పట్టీ దగ్గర మాత్రం పడకండి.

కొలతలు

కర్ర అంగట్లో ఇప్పటికీ అంగుళాల్లోనే మాట్లాడతారు కాబట్టి నేనూ అలాగే చెబుతాను. బెంచీ ఎత్తు 33 అంగుళాలు అనుకుందాం. మీరు నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో, ఇంచుమించు ఆ ఎత్తు మీకు సరిపోతుంది. బెంచీ కాలు కనీసం 4 అంగుళాల చదరం ఉండాలి. దవడ చెక్క 32 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం. ఇది ఘనపు అడుగులో మూడోవంతు కూడా కాదు, కాబట్టి మంచి కర్ర కొనడానికి వెనకాడకండి.

మర కేంద్రం బెంచీ పైభాగానికి 9 అంగుళాల కింద, అంటే నేల నుంచి 24 అంగుళాల ఎత్తున రావాలి. కింది పట్టీ కేంద్రం నేల నుంచి 4 అంగుళాలు. ఈ లెక్క ఒకసారి అర్థం చేసుకుంటే మీ బెంచీ ఎత్తు వేరైనా మీరే మార్చుకోగలరు. పట్టీ నుంచి మరకు దూరం 20 అంగుళాలు. పట్టీ నుంచి చెక్కను పట్టే చోటికి, అంటే పైనుంచి రెండు అంగుళాల కిందికి, దూరం 27 అంగుళాలు. గడ్డపారతో బండను లేపేటప్పటి లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. మర ఇచ్చే బలంలో ఇరవై ఏడింట ఇరవై వంతులు, అంటే దాదాపు నాలుగింట మూడు వంతులు చెక్కమీదికి చేరతాయి. వంగడం కష్టమని పట్టీని నేల నుంచి 14 అంగుళాల ఎత్తుకు తెస్తే ఆ లెక్క పదిహేడింట పదికి పడిపోతుంది, సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే. అందుకే పట్టీ ఎంత కిందికి ఉంటే అంత మంచిది.

మరను ఇంకా పైకి జరిపితే బలం పెరుగుతుంది. కానీ వెడల్పాటి పలకను నిలువుగా దించినప్పుడు అది మరకు తగిలి ఆగిపోతుంది. 9 అంగుళాలు ఇంటి పనులకు సరిపోయే లోతు.

కొలతలు గీసేముందు బెంచీ వెనక్కి ఒకసారి వంగి చూడండి. మర, కింది పట్టీ రెండూ కాలిని దాటి వెనక్కి పొడుచుకు వస్తాయి. ముందుకాలినీ వెనకకాలినీ కలిపే అడ్డపట్టీ సరిగ్గా ఆ దారిలోనే ఉంటే ఇబ్బంది. అడ్డపట్టీని రెండంగుళాలు పైకి జరపడమో, వైస్ పట్టీని కిందికి దించడమో ఇప్పుడే తేల్చుకోవాలి.

కర్ర

దవడకు తుమ్మ చాలా మంచిది. ఎడ్లబండి చక్రాలకు మన పెద్దలు నల్లతుమ్మను ఊరికే వాడలేదు, దెబ్బకు పగలదు, నలగదు. చింత కూడా గట్టిదే, కానీ ఉలికి లొంగడం కష్టం. వేప అన్నిచోట్లా దొరుకుతుంది. బాగా ఆరిన వేప అయితే సరే, పచ్చిది వద్దు. ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది.

నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: పాత కర్ర వెతకండి. కడపలో, చుట్టుపక్కల పల్లెల్లో చౌడు మట్టి మిద్దెలు పడగొట్టి స్లాబ్ ఇళ్లు కట్టుకుంటున్నారు. ఆ మిద్దెల దూలాలు, ద్వారబంధాలు దశాబ్దాలపాటు నీడన ఆరిన కర్ర. అంత బాగా ఆరిన చెక్క కొత్త టింబర్ డిపోలో ఎంత డబ్బిచ్చినా దొరకదు. తీసుకునేముందు సుత్తితో తట్టి వినండి. గంట కొట్టినట్టు ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే లోపల చెదలు తిన్నట్టే. చెట్టు అంచున ఉండే తెల్లచెక్కను తీసేసి చేవ ఉన్న భాగమే వాడండి, పురుగు ముందు తెల్లచెక్కనే పడుతుంది. పాడైన స్పీకర్‌లోని అయస్కాంతాన్ని కర్ర పొడుగునా జరిపితే లోపల విరిగి మిగిలిన మేకులు తెలిసిపోతాయి. ఆ ఒక్క పని చేయకపోతే రంపం పళ్లు, చిత్రిక పట్టే తోపడా అంచు రెండూ పోతాయి.

మన జిల్లాలో ఉన్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. ఎర్రచందనం ముక్క తక్కువ ధరకు ఇప్పిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. నేరమన్న సంగతి అందరికీ తెలుసు, ఆ అడవికి జరుగుతున్న నష్టం అంతకంటే పెద్దది.

కింది పట్టీకి 16 అంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న నిట్టనిలువు రేఖల కర్ర కావాలి. పాత బండి నొగ దొరికితే దాంట్లోంచి కోయండి. ముడి ఉన్న ముక్క వద్దు.

మర

హార్డ్‌వేర్ అంగట్లో 20 మి.మీ. థ్రెడ్ రాడ్ దొరుకుతుంది. పని చేస్తుంది, కానీ నెమ్మది. ఆ రాడ్ ఒక చుట్టుకు రెండున్నర మి.మీ. మాత్రమే కదులుతుంది. నాలుగు అంగుళాలు తెరవాలంటే 40 చుట్లు తిప్పాలి. పైగా దాని పళ్లు కోసుగా ఉంటాయి, ఏళ్ల తరబడి బలంగా బిగిస్తే అరుగుతాయి.

దానికంటే మంచిది మన ఊళ్లోనే ఉంది. స్లాబ్ సెంట్రింగ్‌కు వాడే జాకీలు చూసే ఉంటారు. పైన యు ఆకారం ప్లేటు, కింద లావుపాటి మర రాడ్, దానిమీద చెవులున్న నట్టు. ప్లేటు వంగిపోయిన జాకీలను పాత ఇనుము అంగడివాళ్లు తూకం మీద ఇచ్చేస్తారు. పళ్లు లావుగా, మొద్దుగా ఉంటాయి కాబట్టి రంపపు పొట్టు పడినా ఇరుక్కోదు. స్కేలు పెట్టి పది పళ్ల పొడవు కొలవండి. అది 60 మి.మీ. వస్తే ఒక చుట్టుకు 6 మి.మీ. అన్నమాట, నాలుగు అంగుళాలకు 17 చుట్లు చాలు. తీసుకునేముందు నట్టును ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే రాడ్ వంగిందని అర్థం, అది వదిలేయండి. సిమెంటు గట్టిపడి ఉంటే వైరు బ్రష్‌తో పోతుంది. బోలు పైపు మీద మర వేసినవీ ఉంటాయి. ఒకేలా దొరికితే గట్టి రాడ్‌నే తీసుకోండి.

వెల్డింగ్ షాపులో చేయించాల్సినవి రెండే. మొదటిది రాడ్. యు ప్లేటును కోసేసి, మర భాగం 18 అంగుళాలు ఉండేలా చూసుకుని, ఆ కొసన 6 మి.మీ. మందం, మూడంగుళాల వ్యాసం ఉన్న గుండ్రటి కాలర్ పెట్టి వెల్డ్ చేయించండి. కాలర్ ముందు చిన్న పైపు ముక్కను అడ్డంగా వెల్డ్ చేయిస్తే అందులోంచి పిడి దూరుతుంది. పిడికి 16 మి.మీ. నున్నటి రాడ్ అడుగు పొడవు చాలు. రెండోది నట్టు. దాని చెవులు కోయించి, 6 మి.మీ. ప్లేటుకు మధ్యలో రంధ్రం చేయించి, నట్టును దానికి వెల్డ్ చేయించి, నాలుగు మూలలా బోల్టు రంధ్రాలు వేయించండి. వెల్డింగ్ చేసేటప్పుడు ప్లేటు రాడ్‌కు సరిగ్గా మూలమట్టంలో, అంటే లంబంగా ఉండాలి. రాడ్‌ను నట్టులో ఎక్కించి ఉంచి, మూలమట్టం పెట్టి చూస్తూ నాలుగు చుక్కలు వేయించి, మళ్లీ చూసి, ఆ తర్వాతే మొత్తం వెల్డ్ చేయించండి.

ఒక జాగ్రత్త. చాలా జాకీలకు జింకు పూత ఉంటుంది. దానిమీద నేరుగా వెల్డ్ చేస్తే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు, జ్వరం తెప్పిస్తుంది. వెల్డ్ చేసే చోట పూతను గ్రైండర్‌తో తీసేసి, గాలి ఆడే బయటి చోటే చేయమని అడగండి. మన కోసం పనిచేసే మనిషి ఆరోగ్యం కూడా మన బాధ్యతే.

రంధ్రాలు

బెంచీ కాలు ముందు ముఖం, బెంచీ పైచెక్క అంచు ఒకే మట్టంలో ఉన్నాయా చూడండి. పైచెక్క ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే కాలికి అంత మందం చెక్కను మేకులు, ఫెవికాల్‌తో అతికించి సమం చేయాలి. లేకపోతే పొడుగు తలుపు రెక్క బెంచీ పొడుగునా ఆనుకోదు.

దవడను కాలికి ఆనించి, పై అంచులు సమంగా పెట్టి, రెండు సి క్లాంపులతో బిగించండి. మర కేంద్రం గుర్తుపెట్టి ముందు సన్నటి బిట్‌తో రెండింటినీ కలిపి ఆరపార తొలవండి. ఈ ఒక్క సన్న రంధ్రమే రెండు ముక్కలకూ వరస చెబుతుంది. తర్వాత విడదీసి ఒక్కోదాన్ని పెద్దది చేసుకోవచ్చు. రాడ్ 32 మి.మీ. అయితే రంధ్రం 38 మి.మీ. ఉండాలి. హోల్ సా (డ్రిల్లుకు పెట్టి గుండ్రంగా కోసే రంపం) ఉంటే రెండువైపుల నుంచీ సగం సగం కోయండి, వెనకవైపు చెక్క పెచ్చులూడదు. హోల్ సా లేకపోతే గీసిన గుండ్రం లోపల వరసగా చిన్న రంధ్రాలు వేసి ఉలితో చెక్కేయండి, ఇది కనిపించే చోటు కాదు. దవడ రంధ్రాన్ని మాత్రం పైకీ కిందికీ పావు అంగుళం సాగదీయాలి, ఎందుకంటే బిగించేటప్పుడు దవడ కొద్దిగా వాలుతుంది.

తర్వాత నట్టు ప్లేటు. దీన్ని టేపుతో కొలిచి బిగించకండి. దవడ, కాలు కలిపి క్లాంపులతో బిగించి ఉంచి, రాడ్‌ను ముందు నుంచి దూర్చి, వెనకవైపు ప్లేటును రాడ్ మీదే ఎక్కించి కాలికి ఆనే దాకా తిప్పండి. రాడ్ ఎక్కడ కుదురుగా కూర్చుంటే ప్లేటు అక్కడ ఆగుతుంది. అప్పుడు నాలుగు రంధ్రాలు గుర్తుపెట్టి బోల్టులు వేయండి. మర పట్టేయకుండా తిరగడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

మర విప్పినప్పుడు దవడ కూడా వెంట రావాలంటే, దవడ లోపలి ముఖానికి ఆనుకునే చోట రాడ్‌కు 6 మి.మీ. రంధ్రం వేయించి, ఒక వాషర్ వేసి కాటర్ పిన్ (అది జారకుండా ఆపే ఇనుప పుల్ల) గుచ్చండి. ఆ వాషర్, పిన్ను కూర్చోవడానికి దవడ లోపలి ముఖంలో ముప్పావు అంగుళం లోతు గుంట చెక్కాలి, లేకపోతే వైస్ పూర్తిగా మూసుకోదు.

పట్టీ, చీల

దవడ కింది కొసన, నేల నుంచి 4 అంగుళాల ఎత్తులో, పట్టీ కొస దూరేంత బెజ్జం ఆరపార తొలవండి. పట్టీ అందులో బిగుతుగా దూరాలి. ఫెవికాల్ రాసి దూర్చి, బయటి కొసలో రంపంతో చీలిక వేసి, అందులో తుమ్మ ఆప్పు (ఒక కొస సన్నగా చెక్కిన ముక్క) కొట్టండి. మూలమట్టం పెట్టి చూడండి: పట్టీ దవడకు అన్నివైపులా నిటారుగా ఉండాలి. వంకర ఉంటే ఫెవికాల్ ఆరకముందే సరిచేయాలి. ఒక రోజంతా ముట్టుకోకండి.

బెంచీ కాలికి అదే ఎత్తులో ఇంకో బెజ్జం వేయాలి. ఇది వదులుగా ఉండాలి, పట్టీకి పైనా కిందా, పక్కలా అగ్గిపుల్ల మందం సందు వదలండి. బెజ్జం అడుగు మాత్రం నున్నగా, మట్టంగా ఉండాలి, దవడ బరువు మోసేది అదే. అక్కడ కొవ్వొత్తి రుద్దితే పట్టీ హాయిగా జారుతుంది. నూనె రాయకండి, పొట్టు అంటుకుని జిగురైపోతుంది.

పట్టీకి రెండు వరసల్లో 11 మి.మీ. రంధ్రాలు వేయండి. పై వరసలో మొదటిది దవడ లోపలి ముఖానికి అర అంగుళం దూరంలో, ఆ తర్వాత అంగుళానికొకటి. కింది వరసలో మొదటిది అంగుళం దూరంలో, ఆ తర్వాత అంగుళానికొకటి. ఇలా వేస్తే పట్టీ బలం పోకుండా ప్రతి అర అంగుళానికీ ఒక చోటు దొరుకుతుంది. చీలకు 10 మి.మీ. నున్నటి రాడ్ ముక్క చాలు. దాన్ని చిన్న గొలుసుతోనో దారంతోనో దవడకు కట్టేయండి. పొట్టు కుప్పలో చీల వెతకడానికి పోయే సమయం తక్కువేం కాదు.

దవడ ముఖం

పైన ఎనిమిది అంగుళాల మేర దవడ ముఖం మట్టంగా ఉండాలి. ఇందుకు మన ఇళ్లల్లోనే సాధనం ఉంది. పాలిష్ పెట్టిన నల్లటి కడప బండ. ముందు ఇనుప స్కేలు అంచు నిలబెట్టి ఆ బండ మట్టంగా ఉందో లేదో చూసుకోండి. బండమీద సుద్ద రుద్ది, దవడ ముఖాన్ని బోర్లించి కొద్దిగా జరపండి. ఎత్తుగా ఉన్న చోట్లకే సుద్ద అంటుతుంది. అక్కడ మాత్రమే చిత్రిక పట్టి మళ్లీ రుద్దండి. ఆరేడుసార్లు చేసేసరికి ముఖమంతా సమంగా తెల్లబడుతుంది. తర్వాత పై అంచు మిగతా ముఖం కంటే రెండు కాగితాల మందం ముందుకు ఉండేలా కిందిభాగాన్ని ఇంకొంచెం తీయండి. బిగించినప్పుడు ముందు పై అంచే చెక్కకు తగలాలి.

చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలు ముక్కలు అడిగి తెచ్చి, గరుకువైపు బయటికి వచ్చేలా రెండు దవడలకూ అతికించండి. తోలు ఆరేదాకా మధ్యలో పాలిథిన్ కవరు పెట్టి వైస్‌నే మూసి బిగించి ఉంచితే వేరే క్లాంపు అక్కర్లేదు. తోలు దొరకకపోతే సైకిల్ ట్యూబు పనిచేస్తుంది గానీ తెల్లటి చెక్కమీద నల్ల మరక పడుతుంది.

దవడ బయటి ముఖానికి అవిసె నూనె రెండు పూతలు వేస్తే చాలు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయవద్దు. ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. మన ఎండలకు ఇంకా ప్రమాదం. తీగమీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

వాడేటప్పుడు

చీల ఎక్కడ పెట్టాలన్నదే నేర్చుకోవాల్సింది. పట్టుకోవాల్సిన చెక్క మందం ఎంతో, దానికి సమానమైన లేదా కాస్త ఎక్కువ దూరంలో ఉన్న రంధ్రంలో, దవడకూ కాలికీ మధ్య చీల గుచ్చండి. మర బిగిస్తుంటే చీల కాలికి ఆనుకుని దవడ కింది కొసను అక్కడే ఆపేస్తుంది, బలమంతా పైకి వెళుతుంది. చెక్క కంటే తక్కువ దూరంలో పెడితే నా మొదటి వైస్‌కు పట్టిన గతే పడుతుంది. ఒక వారం వాడితే చూడగానే ఏ రంధ్రమో చేతికి తెలిసిపోతుంది.

సన్నటి పలకను ఒక పక్కనే పట్టాల్సి వస్తే రెండో పక్కన అంతే మందం ముక్క పెట్టి సమం చేయండి. లేకపోతే దవడ పక్కకు తిరిగి కింది పట్టీ మెలిపడుతుంది.

తోపడా గట్టిగా తోసినప్పుడు బెంచీయే జరుగుతుంటే వైస్‌ను తప్పుపట్టకండి. మన ఇళ్లల్లో నున్నటి బండల నేల, కాళ్లు జారతాయి. కాళ్ల కింద రబ్బరు ముక్కలు అతికించి, బెంచీ కింది అరలో మిగిలిపోయిన కడప బండలు నాలుగైదు పేర్చండి. ఆ బరువుతో అది కదలదు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకు కర్ర ఇంకా ఆరి కుంచించుకుంటుంది, నట్టు ప్లేటు బోల్టులు వదులవుతాయి. స్పానర్‌తో అర చుట్టు బిగించండి. వానలు పడ్డాక పట్టీ ఉబ్బి బెజ్జంలో బిగిస్తే వెంటనే చిత్రిక పట్టి సన్నం చేయకండి, మళ్లీ ఎండలకు లొడలొడలాడుతుంది. ముందు పట్టీ బయటికి లాగి, పొట్టు తుడిచి, కొవ్వొత్తి రుద్ది చూడండి. అప్పటికీ పట్టేస్తుంటే గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే చాలు.